తలకు దెబ్బ తగిలినవారికి ఆక్యుపంక్చర్: చేయించవచ్చా, వద్దా?

పరకాల_రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా చిన్నాయన కొడుకు వరంగల్ నుంచి వస్తూ బండి మీద నుంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. మెదడు వాచిపోవడంతో శస్త్రచికిత్స చేసి, పుర్రె ఎముకలో ఒక భాగాన్ని తీసి పొట్ట చర్మం కింద భద్రపరిచారు. ప్రాణాపాయం తప్పింది, ఇంటికి తెచ్చుకున్నాం. కళ్లు తెరుస్తాడు, పిలిస్తే ఒక్కోసారి మా వైపు చూస్తాడు, కానీ మాట లేదు. కుడి చేయి, కాలు కదలడం లేదు. ముక్కు గొట్టంతోనే ఆహారం ఇస్తున్నాం. ఫిజియోథెరపీ మానవద్దని డాక్టర్లు చెప్పారు. ఇంతలో బంధువులలో ఒకరు హనుమకొండలో సూదుల వైద్యం (ఆక్యుపంక్చర్) చేయిద్దామంటున్నారు. మరొకరు కోమాలో ఉన్నవారిని లేపుతుందంటూ ఫోనులో ఒక చైనా మాత్రను చూపిస్తున్నారు. చిన్నాయన దగ్గర మిగిలింది పత్తి అమ్మిన డబ్బు మాత్రమే, అది అన్నింటికీ సరిపోదు. ఎవరికి ఎక్కడ నయమైందో కాకుండా, పరిశోధనల్లో తేలిందేమిటో తెలిసినవారు చెప్పగలరని మనవి.

హనుమకొండ_సూదివైద్యుడు:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను, నా మాటను ఆ సంగతి దృష్టిలో పెట్టుకొనే చదవండి. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో కలిసి 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలోని బిజయ్ కుమార్ బసు 1950ల చివరలో ఆక్యుపంక్చర్ నేర్చుకొని వచ్చి కలకత్తాలో ప్రారంభించారు. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దీనిని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. 1970ల ఆరంభంలో చైనాలో జియావో షున్‌ఫా తలచర్మం మీద సూదులు వేసే పద్ధతిని, తియాన్‌జిన్‌లో షీ షుయెమిన్ పక్షవాతానికి మరొక పద్ధతిని రూపొందించారు. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం కూడా, పక్షవాతం తరువాతి పునరావాసంలో ఇది అనుబంధ చికిత్సగా ఉపయోగపడవచ్చని చెప్పింది. ఫిజియోథెరపీ మానమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆక్యుపంక్చర్ అనగానే 'అదంతా నమ్మకం వల్ల కలిగే ఫలితమే' అని కొట్టిపారేసేవారిని ఒకటి అడగదలచాను. స్పృహ సరిగా లేని రోగికి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

విశ్రాంత_గణాంక_అధ్యాపకుడు:
సూదివైద్యుడు గారి ప్రశ్న మంచి ప్రశ్న, దాని దగ్గరి నుంచే మొదలుపెడతాను. రోగికి స్పృహ లేకపోవచ్చు. అతడు ఎంత కోలుకున్నాడో కొలిచే మనిషికి మాత్రం స్పృహ, ఆశ, అభిప్రాయం అన్నీ ఉంటాయి. 'పిలిస్తే చూశాడా, అలవాటుగా కళ్లు తిప్పాడా' అన్నది కొలిచేవారి తీర్పు మీద ఆధారపడిన విషయం. ఏ రోగికి సూదులు వేశారో తెలిసినవారే ఆ తీర్పు ఇస్తే, అంకెలు తెలియకుండానే ఒక వైపు ఒరుగుతాయి. తలకు దెబ్బ తగిలినవారిలో చాలామంది మొదటి నెలలలో ఏదో ఒక మేరకు తమంతట తామే కోలుకుంటారన్నది రెండో సంగతి. ఆషాఢంలో గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, భాద్రపదానికి చెరువు నిండింది కనుక అది కొబ్బరికాయ మహిమేనంటే ఎలా ఉంటుందో, ఒక్క రోగిని చూసి తీర్మానించడమూ అలాగే ఉంటుంది.

ఇక పరిశోధనల సంగతి. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి సమీక్షించే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ నుంచి, తలకు గాయమైనవారిలో ఆక్యుపంక్చర్ గురించిన సమీక్ష 2013లో వెలువడింది. వారు ఎంత వెదికినా రోగులను వర్గాలుగా విడదీసి పోల్చిన పరీక్షలలో ప్రమాణాలకు సరితూగినవి 4 మాత్రమే దొరికాయి, వాటన్నింటిలో కలిపి 294 మంది. వాటిలో 3 విద్యుత్ ప్రవాహంతో కూడిన ఆక్యుపంక్చర్ పరీక్షలు. అవి నిర్వహించిన తీరు బలహీనంగా ఉన్నందున, మేలు ఉందని గాని లేదని గాని చెప్పలేమని సమీక్షకులు తేల్చారు. పక్షవాత పునరావాసం గురించిన 2016 సమీక్షలో 31 పరీక్షలు, 2,257 మంది ఉన్నారు. అక్కడ కొంత మేలు కనిపించినట్లున్నా, పరీక్షల నాణ్యత వల్ల గట్టిగా ఏమీ చెప్పలేకపోయారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది స్వీడన్ అనుభవం. లుండ్ నగరంలో 78 మంది పక్షవాత రోగులతో చేసిన ఒక పరీక్ష 1993లో ప్రచురితమైంది. అందరికీ మామూలు ఫిజియోథెరపీ ఇచ్చి, ఒక వర్గానికి అదనంగా 10 వారాలపాటు సూదులు వేశారు. సూదులు వేయించుకున్నవారు నడకలోనూ దైనందిన పనులలోనూ మెరుగ్గా ఉన్నారు. అయితే ఇందులో ఒక లొసుగు ఉంది. సూదుల వర్గానికి సూదులతో పాటు ఒక మనిషి అదనపు సమయం, శ్రద్ధ, స్పర్శ కూడా దక్కాయి, రెండో వర్గానికి అవేవీ లేవు. ఆ పరిశోధకులలో ఒకరైన బార్బ్రో యొహాన్సన్ అక్కడితో సంతృప్తి చెందకుండా మరో బృందంతో కలిసి 150 మందిని మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి సూదులు, రెండో వర్గానికి చర్మం మీద నుంచి బలమైన విద్యుత్ ప్రేరణ, మూడో వర్గానికి రోగికి తెలియనంత స్వల్పమైన ప్రేరణ ఇచ్చారు. చికిత్సకుడితో గడిపే సమయం అందరికీ సమానంగా చూశారు. 2001లో ఫలితాలు వచ్చేసరికి మూడు వర్గాల మధ్య తేడా లేదు. తన పాత ఫలితాన్ని తానే మళ్లీ పరీక్షకు పెట్టిన ఆమె నిజాయితీని ఈ వాదంలో ఏ పక్షం వారైనా గౌరవించవలసిందే.

ఇంకొక్క మాట. 1998లో వికర్స్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు దేశాలవారీగా ఆక్యుపంక్చర్ పరీక్షలను పోల్చి చూసినప్పుడు చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చినవన్నీ అనుకూల ఫలితాలే అని తేలింది. ఎంత మంచి చికిత్స అయినా పరీక్షించిన ప్రతిసారీ నెగ్గదు. ఓడిన పరీక్షలు అచ్చుకు రావడం లేదన్న అనుమానం అక్కడే బలపడుతుంది.

హనుమకొండ_సూదివైద్యుడు:
మాస్టారు చెప్పినవి కాదనను. ఇదే గీటురాయిని ఇంగ్లీషు మందులకూ పెడతారా అన్నదే నా అభ్యంతరం. తలకు దెబ్బ తగిలిన రోగి ఇంటికి వెళ్లేటప్పుడు చీటీలో తప్పనిసరిగా కనిపించే, మెదడు కోలుకోవడానికని రాసే సిటికోలిన్ మాత్రకు ఆధారం ఎంత? నెలకు అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. ఫిజియోథెరపీ సంగతే చూడండి. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులతో జరిగిన అటెండ్ అనే పరీక్ష 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటి వద్ద పునరావాసం చేయిస్తే అదనపు మేలు కనిపించలేదు. ఆధారం లేదన్న పేరుతో ఒక్క మా వైద్యాన్నే ఎందుకు వేలెత్తి చూపాలి?

విశ్రాంత_గణాంక_అధ్యాపకుడు:
తప్పకుండా పెట్టాలి, పెట్టారు కూడా. సిటికోలిన్‌ను అమెరికాలో 1,213 మంది తలగాయం రోగులకు ఇచ్చి చూసిన కోబ్రిట్ పరీక్ష 2012లో వచ్చింది. డమ్మీ మందుకూ (లోపల మందు లేని మాత్రకూ) దానికీ తేడా లేదు. ఆ మాత్ర ఎందుకు రాశారని రైతుబిడ్డ గారు తమ డాక్టరును మర్యాదగా అడగవచ్చు. 2014లో ప్రొజెస్టెరాన్ హార్మోను మీద రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి, రెండూ విఫలమయ్యాయి.

అన్నింటికన్నా కఠినమైన పాఠం స్టెరాయిడ్లది. మెదడు వాపు తగ్గిస్తాయన్న తర్కంతో తలకు దెబ్బ తగిలినవారికి వాటిని దశాబ్దాలపాటు ఇచ్చారు. 2004లో క్రాష్ పరీక్ష 10,008 మందిని పరిశీలించింది. మొదటి రెండు వారాలలో స్టెరాయిడ్ పొందినవారిలో 21.1 శాతం, పొందనివారిలో 17.9 శాతం మరణించారు. మేలు చేస్తున్నామనుకొన్న చేతులే వందకు ముగ్గురి ప్రాణాలు అదనంగా తీశాయన్నమాట. చిన్న పరీక్షలు ఎన్ని ఉన్నా ఈ తేడా కంటికి కనిపించేది కాదు. కాబట్టి 294 మంది దగ్గర ఆగిపోయిన చికిత్సను 'హాని లేదు కదా, చూద్దాం' అనడానికి నాకు మనసొప్పదు. వైద్యం ఏ పద్ధతిదన్నది నా వాదంలో లేదు.

కాజీపేట_ఫిజియో:
అటెండ్ గురించి వారు చెప్పినది సరైనదే, మా వృత్తివాళ్లకు మింగుడుపడనిది కూడా. అది పక్షవాత రోగులకు సంబంధించినది, శిక్షణ పొందిన కుటుంబసభ్యులు చేయించిన వ్యాయామాలకు సంబంధించినది. ఈ అబ్బాయిది వేరే స్థితి. ఇప్పుడు అతడికి ఫిజియోథెరపీ అంటే నడిపించడం కాదు. కీళ్లు బిగుసుకుపోకుండా చూడడం, పక్క మారుస్తూ పుండ్లు పడకుండా కాపాడడం, ఊపిరితిత్తులలో కఫం నిలవకుండా చేయడం, క్రమంగా కూర్చోబెట్టడం. ఇవి మానేస్తే కొద్ది వారాలలోనే చీలమండ బిగుసుకుంటుంది, తరువాత మెదడు కోలుకున్నా మడమ నేలకు ఆనదు.

మందుల విషయంలో ఒక సంగతి. స్పృహ పూర్తిగా రాని తలగాయం రోగులకు అమాంటడిన్ అనే మందు ఇచ్చి చూసిన పరీక్ష 2012లో వచ్చింది, 184 మంది. మందు ఇచ్చిన నాలుగు వారాలలో కోలుకునే వేగం పెరిగింది, ఆపాక తగ్గింది. డమ్మీ మందు పొందిన వర్గం కూడా ఆ కాలంలో మెరుగుపడింది, మాస్టారు చెప్పిన సహజమైన కోలుకోవడం అంటే అదే. ఆ మందు ఇతడికి తగునా లేదా అన్నది, ఫిట్స్ భయం ఉన్నందున, న్యూరాలజిస్టు మాత్రమే చెప్పాలి. అడగవలసిన ప్రశ్నల్లో మాత్రం అది ఉండాలి.

నర్సంపేట_గృహిణి:
నేను చదువుకున్నదాన్ని కాను గాని చూసినదాన్ని చెబుతాను. మా ఆయనకు పక్షవాతం వచ్చినప్పుడు సూదులు వేయించాం. భుజం నొప్పి తగ్గిందన్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టింది. చేయి మాత్రం రాలేదు. అసలు నష్టం డబ్బు కాదు. ఆటో మాట్లాడుకొని, మనిషిని ఎత్తి దించి, పోయి వచ్చేసరికి పూట గడిచిపోయేది. ఆ అలసటతో ఇంటికి వచ్చే ఫిజియో పిల్లవాడిని రేపు రమ్మని పంపించేసేవాళ్లం. అలా ఎన్నో రేపులు గడిచాయి.

విశ్రాంత_గణాంక_అధ్యాపకుడు:
అమ్మా, మీ ఆయనకు నొప్పి తగ్గడం నమ్మదగినదే. 2007లో జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులతో జరిగిన పరీక్షలో అసలు ఆక్యుపంక్చర్ వల్ల 47.6 శాతం మందికి, తప్పు స్థానాలలో పైపైన వేసిన సూదుల వల్ల 44.2 శాతం మందికి, మామూలు వైద్యం వల్ల 27.4 శాతం మందికి మేలు కలిగింది. సూదులు ఎక్కడ వేశారన్నదానికన్నా, వేసే ఆ ప్రక్రియ మొత్తం నొప్పి మీద పనిచేస్తున్నదని నా అభిప్రాయం. నొప్పి చెప్పుకోగలిగిన మనిషి వేరు, మన ముందున్న ఈ రోగి వేరు.

మట్టెవాడ_మందులదుకాణం:
చైనా మాత్ర సంగతి ఎవరూ ముట్టుకోలేదు. కోమా, పక్షవాతాల పేరుతో ఆన్‌లైనులో అమ్ముడయ్యేవాటిలో ఒకటి ఆన్‌గోంగ్ న్యూహువాంగ్ అనే ఉండ. సంప్రదాయ యోగంలో గోరోజనం, కస్తూరి, ఇంగిలీకం, మణిశిల ఉంటాయి. మన ఆయుర్వేదం తెలిసినవారికి ఈ పేర్లన్నీ పరిచయమే. ఇంగిలీకం పాదరసపు ఖనిజం, మణిశిల ఆర్సెనిక్ ఖనిజం. ముక్కు గొట్టంలో నూరి పోసి, మూత్రపిండాలు దెబ్బతింటే ఎవరిని అడుగుతారు? ఫిట్స్ మందులు వాడుతున్న రోగికి ఏ మూలికతో ఏ చిక్కు వస్తుందో నా దుకాణంలో కూర్చొని నేను చెప్పలేను, ఫోనులో అమ్మేవాడు అసలే చెప్పడు.

చైనా వైద్యులకు ఒక మెప్పు కూడా ఇవ్వాలి. మెదడులో రక్తస్రావమైనవారికి ఇచ్చే ఝోంగ్‌ఫెంగ్ షింగ్‌నావో అనే మూలికా మందును వారి దేశంలోనే 26 ఆసుపత్రులలో 1,648 మందికి ఇచ్చి డమ్మీ మందుతో పోల్చారు. ఫలితం లేదని 2024లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఆ మందు వేరే అయినా, ఒక మందు పనిచేయలేదని వాళ్లే ఒప్పుకున్నాక, ఈ ఉండను మనం పార్సిలులో తెప్పించుకోవడం ఎందుకు?

పరకాల_రైతుబిడ్డ:
మాత్ర సంగతి ఇంట్లో చెప్పి వద్దనిపించాను. సూదుల మీద మాత్రం చిన్నమ్మకు ఆశ ఉంది. ఫిజియో ఆపకుండా, వారానికి రెండుసార్లు వేయిస్తే ప్రమాదమేమైనా ఉందా? సూదివైద్యుడు గారే చెప్పాలి.

హనుమకొండ_సూదివైద్యుడు:
ఎముక తీసిన చోట మెదడుకూ బయటికీ మధ్య చర్మం, పలుచని పొరలు తప్ప మరేమీ ఉండవు. తలచర్మపు సూదికి అక్కడ అడ్డుకునే పుర్రె లేదు. ఎముకను తిరిగి అమర్చి, శస్త్రచికిత్స చేసిన వైద్యుడు సరేనని రాసిచ్చే దాకా నేను ఆ తల మీద సూది వేయను, వేస్తానన్నవాడి దగ్గరికి పోవద్దు. ఫిట్స్ వచ్చే అవకాశం ఉన్నవారికి సూదులకు కరెంటు కలపడమూ నేను చేయను. చేతులకు, కాళ్లకు మాత్రమే వేస్తామంటే, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, పొట్టలో ఎముక దాచిన చోటు ఎక్కడ అన్నవి ముందుగా అడిగి, ప్రతి సూదిని కొత్త ప్యాకెట్టు నుంచి తీసేవారైతే ప్రమాదం తక్కువ. మేలు ఎంత అన్న విషయంలో మాస్టారుతో నాకు ఇంకా పేచీ ఉంది. కండరాల బిగుతు మీద మేము చూసేదాన్ని ఆ 294 మంది లెక్క తేల్చలేదు.

కాజీపేట_ఫిజియో:
తేల్చలేదన్నది నిజం. రైతుబిడ్డ గారూ, ఎముక తిరిగి పెట్టే తేదీ ఎప్పుడో ఈ వారమే ఆసుపత్రిలో అడగండి. గొట్టం తీసి నోటితో తినిపించే ముందు మింగుడు పరీక్ష చేయించండి. మీ చిన్నమ్మ గారికి చెప్పండి, మంచం మీద అబ్బాయి కుడి పాదాన్ని రోజూ కాలికి లంబంగా పట్టి ఉంచడం ఎలాగో ఇంటికి వచ్చే ఫిజియోతో నేర్పించుకొమ్మని. ఎవరికైనా ఏదైనా చేయాలనిపించినప్పుడు ఆ పని చేయడానికి పరకాల దాటి రానక్కరలేదు.