ఆన్‌లైన్ పరీక్ష ముగియగానే మార్కులు చూపించాలా, ముందు తప్పులు దిద్దించాలా?

ఇంటర్ ఫిజిక్స్ అధ్యాపకుడు, దిల్‌సుఖ్‌నగర్:
మా కళాశాలలో వారాంతపు పరీక్షలన్నీ ట్యాబ్‌ల మీదకు మారాయి. సబ్‌మిట్ నొక్కగానే మార్కులూ ర్యాంకూ కనిపిస్తాయి. సెక్షన్‌కు 60 మంది ఉన్నారు. ఒక్కొక్కరి జవాబులకు 5 నిమిషాలు కేటాయించినా 5 గంటలు పడుతుంది. దిద్దే పని యంత్రమే చేస్తున్నప్పుడు చేత్తో సూచనలు రాయవలసిన అవసరం ఇంకా ఉందా?

ఉపాధ్యాయిని, కూకట్‌పల్లి:
నమస్కారం సర్. ఎప్‌సెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే జరుగుతున్నాయి కనుక ఆ అలవాటు పిల్లలకు కావలసిందే. నా అభ్యంతరమల్లా మార్కులు ముందుగా కనిపించడం మీదనే. నిట్టనిలువుగా విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తులో త్వరణం ఎంత అన్న ప్రశ్నకు మా విద్యార్థిని ఒకరు సున్నా అని తప్పు జవాబు పెట్టింది. అలాంటివే మరో రెండు తప్పాయి. యంత్రం ‘సరళరేఖాత్మక గమనం: 40 శాతం’ అని చూపి ఊరుకుంది. రఫ్ కాగితం తెప్పించి చూస్తే, వేగం సున్నా అయినచోట త్వరణమూ సున్నా అవుతుందన్న ఒకే అపోహ మూడింటికీ మూలమని తెలిసింది. “బంతి ఆగిన ఆ క్షణంలో భూమి దాన్ని లాగడం మానేసిందా?” అని మాత్రం పక్కన రాసిచ్చాను. మరునాటికి మూడూ తనే సరిచేసుకుని తెచ్చింది.

విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న విద్యార్థులు మెరుగుపడ్డారు. వ్యాఖ్యలతోపాటు మార్కులు కూడా అందుకున్నవారిలో ఆ మెరుగుదల కనిపించలేదు. మార్కు కంటబడ్డాక పక్కనున్న మాట మీద పిల్లల దృష్టి నిలవకపోవడం నేను ఏటా చూస్తున్నదే.

ఇంటర్ ఫిజిక్స్ అధ్యాపకుడు:
మీ మాట కాదనను మేడం. అయితే తల్లిదండ్రులు సాయంత్రానికల్లా మార్కులు అడుగుతారు. పైగా 60 మందికి అలా రాయడం నా వల్ల కాదు.

ఉపాధ్యాయిని:
అందరికీ రాయనక్కరలేదు సర్. యంత్రం నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. ఏ తప్పు ఆప్షన్‌ను ఎంతమంది ఎంచుకున్నారో అది క్షణంలో చెబుతుంది. 20 మంది ఒకే తప్పు ఆప్షన్ ఎంచుకుంటే అది బోర్డు మీద చర్చించవలసిన విషయం. విడిగా రాయవలసింది మిగిలిన కొద్దిమందికే. తల్లిదండ్రులకు మాత్రం ముందే చెప్పాలి. శనివారం పరీక్ష, సోమవారం తప్పుల దిద్దుబాటు, మంగళవారం మార్కులు అని మేము సంవత్సరారంభంలోనే తెలియజేశాము. మొదటి నెల ఫోన్లు వచ్చాయి, ఆ తర్వాత తగ్గాయి.

ఇంటర్ ఫిజిక్స్ అధ్యాపకుడు:
మార్కులను నిలిపి ఉంచే వీలు మా సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో రేపే కనుక్కుంటాను. లేకపోతే ఈ శనివారం పరీక్ష కాగితం మీదే పెడతాను.