పాత స్పీకర్ల జత కొనాలనుకుంటున్నాను: ఏం చూడాలి, ఇంట్లో ఏమని చెప్పాలి?

పెన్నా తీరం, నెల్లూరు

అందరికీ నమస్కారం. స్టోన్‌హౌస్‌పేటలో ఒక కుటుంబం వారు ఇల్లు ఖాళీ చేస్తూ, ఆ ఇంటి పెద్దాయన 1980లలో కువైట్ నుంచి తెచ్చుకున్న స్పీకర్ల జతను అమ్మకానికి పెట్టారు. జపాను తయారీ. మంద్ర స్వరాలకు పన్నెండంగుళాల వూఫరు, దానిపైన మధ్య స్వరాలకు మిడ్‌రేంజి, ఆపైన సన్నని స్వరాలకు ట్వీటరు, ఇలా మూడేసి స్పీకర్లు ఉన్న త్రీవే పెట్టెలు; ఒక్కోదాన్ని ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. ధర 38,000 రూపాయలు చెబుతున్నారు. నిన్న సాయంత్రం పది నిమిషాలు విన్నాను. బాలసుబ్రహ్మణ్యం గారు పల్లవికి ముందు ఊపిరి తీసుకున్న చోటు కూడా నా చెవికి అందింది. ఆ పాటలు చిన్నప్పటి నుంచి వింటున్నవాణ్ణే అయినా, ఇంతకాలం అందులో సగమే విన్నానని అనిపించింది.

నలభై ఏళ్ల నాటి వస్తువులో ఏది పాడై ఉంటుందో, ఏది బాగుచేయించుకోవచ్చో నాకు తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంట్లో ఉంది. అబ్బాయి ఇంటర్మీడియట్ ఫీజు రెండో విడత కట్టవలసిన నెల ఇదే. మా ఆవిడ దేనికీ ఊరికే కాదనే మనిషి కాదు గానీ, ఉన్న రెండు చిన్న స్పీకర్లు చాలవా అని అడిగితే ఏమని చెప్పాలో నాకు మాట దొరకడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మరమ్మతు బల్ల, ఒంగోలు

ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. ముందుగా పెట్టె ముందున్న గుడ్డ చట్రం తీయించి, వూఫరు కోను (ముందుకూ వెనక్కీ కదిలే గరాటు) చుట్టూ ఉండే అంచును చూడండి. అది ఫోమ్ అయితే పదిహేను ఇరవై ఏళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ల తేమలో ఇంకా ముందే పోతుంది. వేలితో తాకినప్పుడు నల్లటి జిగురు అంటుకుంటే దాని ఆయువు తీరిందని అర్థం. అలాంటి అంచును మార్చుకోవచ్చు కాబట్టి బేరం వదులుకోనక్కరలేదు, ధర మాత్రం తగ్గించమని అడగాలి. రబ్బరు అంచు గానీ, మందు పూసిన గుడ్డ అంచు గానీ ఉంటే అంత భయం లేదు.

ఆ తరువాత రెండు చేతుల వేళ్లనూ కోనుకు ఎదురెదురుగా ఆనించి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. ఇసుక రాసుకున్నట్టు గరగరమని చప్పుడు వస్తే, లోపల కోనును కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిలు, అయస్కాంతపు సందులో పక్కకు ఒరిగి రాసుకుంటోందన్నమాట. నేనైతే అలాంటిది కొనను. ట్వీటరు గుమ్మటాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేలితో నొక్కకండి. ఒకసారి సొట్ట పడితే పడినట్టే.

కరెంటుకు ఎదురయ్యే అడ్డును ఓంలలో కొలిచే మల్టీమీటరు తీసుకువెళ్లండి. ఎనిమిది ఓంల స్పీకరైతే వెనుక టెర్మినళ్ల దగ్గర సుమారు ఆరు నుంచి ఏడు ఓంలు చూపాలి, రెండు పెట్టెలకూ దాదాపు ఒకే అంకె రావాలి. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ కొలతలో తెలిసేది వూఫరు సంగతి ఒక్కటే. ట్వీటరుకు ముందు క్రాస్‌ఓవరులో (ఏ స్వరం ఏ స్పీకరుకు వెళ్లాలో పంచే సర్క్యూటులో) కెపాసిటరు అడ్డుగా ఉంటుంది గనుక మీటరులోని బ్యాటరీ కరెంటు అక్కడి దాకా వెళ్లనే వెళ్లదు. అందుచేత పాట మెల్లగా పెట్టి, ఒక్కొక్క ట్వీటరు దగ్గరా చెవి పెట్టి వినడం తప్ప వేరే దారి లేదు.

చివరగా పెట్టె అడుగుభాగం చూడండి. మన ఇళ్లలో రోజూ నేల తడిగుడ్డతో తుడుస్తారు. ఏళ్ల తరబడి ఆ తడి తగిలి, పొట్టు చెక్కతో చేసిన అడుగు రస్కులా ఉబ్బిపోయినవి ఎన్నో చూశాను. చెద పట్టిందేమో కూడా తట్టి చూడండి.

కావలి శ్రోత

మరమ్మతు బల్ల గారు చెప్పిన పరీక్షల్లో ఒక్కటీ చేయకుండా, ఫొటోలు మాత్రమే చూసి వేరే ఊరి నుంచి ఒక జత తెప్పించుకున్నవాణ్ణి నేను. లారీ పార్సిలులో వచ్చాయి. దారిలో ఎక్కడో పెట్టె కింద పడి ఉండాలి, ఒక వూఫరు అయస్కాంతం జిగురు ఊడి పక్కకు జరిగింది. కోను కొయ్యలా బిగుసుకుపోయింది. అమ్మినవారు ఆ తరువాత ఫోను ఎత్తలేదు.

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు. ఇంట్లో ధర సగమే చెప్పాను. 24,000 పెట్టి కొని 12,000 అన్నాను. రెండు నెలల తరువాత బ్యాంకు పుస్తకంలో ఎంట్రీలు వేయించడానికి మా ఆవిడే వెళ్లింది. ఆ రోజు ఆమె గొడవ పడలేదు. "పాటలు వినొద్దని నేనెప్పుడైనా అన్నానా? లెక్క దాచడం దేనికి?" అని ఒక్క మాట అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. చెడిన వూఫరు బాగుపడింది. నేను ఏ వస్తువు కొన్నా బిల్లు వైపు చూసే ఆమె చూపు మాత్రం మామూలు కావడానికి మూడేళ్లు పట్టింది. తమ్ముడూ, ధర ఉన్నదున్నట్టు చెప్పు, అదీ కొనకముందే చెప్పు.

కందుకూరు మాస్టారు

ఒక చిన్న పరీక్ష కలుపుతాను. ఎక్కడా గొట్టం రంధ్రం లేకుండా పూర్తిగా మూసిన పెట్టెలైతే, వూఫరును నొక్కి వదిలినప్పుడు అది చటుక్కున కాక కాస్త నిదానంగా వెనక్కి రావాలి. మూసిన పెట్టెలోని గాలిని వాడుకునే ఈ పద్ధతిని 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ప్రవేశపెట్టారు. పెట్టెలో బంధించిన గాలే కోనుకు స్ప్రింగులా పనిచేస్తుంది, అందుకే చిన్న పెట్టెలోంచి కూడా లోతైన మంద్ర స్వరం వస్తుంది. గాలి కారుతుంటే ఆ గుణం పోతుంది.

ఇంట్లో చెప్పే విషయంలో ఒక్క మనవి. ఇది పెట్టుబడి, రేపు రెట్టింపుకు అమ్ముకోవచ్చు అని చెప్పకండి. మంచి పాత స్పీకర్ల ధర కొత్త ఫోను ధరలా ఏడాదిలో పడిపోదన్న మాట నిజమే. కానీ మీరు వాటిని అమ్మరు, ఆ సంగతి మీ ఇంట్లోవారికీ తెలుసు.

గూడూరు నుంచి

నేను స్పీకర్లు కొన్న మనిషిని కాను, కొన్న మనిషితో పద్దెనిమిదేళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని. మా వారికి ఈ చర్చ చూపించి, ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

మాకు కోపం పాట మీద ఉండదండీ. హాలులో నడిచే దారికి అడ్డంగా రెండు పెట్టెలు నిలబడి, వాటి వెనుక చీపురు దూరకపోతే, ఆ దుమ్ము తుడవవలసింది ఎవరు? గోడకు అడుగున్నర ఎడంగా ఉంటేనే బాగా పలుకుతాయని ఆయన అనేవారు. ఆ అడుగున్నర నా కుట్టుమిషను చోటు. పైగా, రెండు పెట్టెలకూ సమానదూరంలో ఒకే ఒక కుర్చీ వేసుకుని, తలుపు మూసుకుని, గంటల తరబడి ఒంటరిగా కూర్చునేవారు. ఆ గదిలో నాకు చోటు లేదన్నదే నా అసలు బాధ. డబ్బు సంగతి ఆ తరువాతి మాట.

ఒకరోజు ఆయనే మిషను ఎక్కడ పెడితే నీకు వెలుతురు బాగుంటుందని అడిగి, ముందు దాన్ని కిటికీ దగ్గరకు చేర్చి, ఆ తరువాత దానికి ఎదురుగా స్పీకర్లను సర్దారు. ఇప్పుడు నేను జాకెట్లు కుడుతూ వింటాను. జానకి గారు ఒక చరణంలో గొంతు సన్నగిల్లజేసే చోట మిషను తొక్కడం ఆపేస్తాను, లేకపోతే ఆ సన్నదనం వినిపించదు. అడుగున తడి తగలకుండా చీమకుర్తి గ్రానైటు ముక్కలు రెండు కోయించి పెట్టెల కింద వేశాము; ఆ ఆలోచన నాదే. కొత్తది ఏదైనా రావాలంటే ముందు పాతది ఒకటి అమ్మాలన్నది మా ఒప్పందం. ఆయన దాన్ని ఇంతవరకు తప్పలేదు.

మీ ఆవిడను ఒప్పించే మాటల కోసం వెతకకండి. ఆమెను తీసుకువెళ్లి వినిపించండి. ఆమెకు ఇష్టమైన పాట ఏదో ముందు అడగండి.

పెన్నా తీరం, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. గూడూరు అమ్మగారి మాట ప్రకారం ఆదివారం మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాను. 38,000 అని దారిలోనే చెప్పేశాను. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడకుండా, "ఫీజు కట్టాకే కదా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను.

వూఫర్లకు గుడ్డ అంచులే ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి. ఎడమవైపు 6.4, కుడివైపు 6.5 ఓంలు చూపాయి. గరగర లేదు. ఒక పెట్టె అడుగు మాత్రం ఒక మూల కాస్త ఉబ్బింది. అంతా బాగున్నట్టేనని నేను లేవబోతుండగా, తను అడిగి పెట్టించుకున్న పాట వింటూ మా ఆవిడ, "ఈ పక్క తాళాలు వినిపిస్తున్నాయి, ఆ పక్క వినిపించడం లేదు" అంది. చెవి పెట్టి చూస్తే కుడి ట్వీటరు మూగగా ఉంది. వారం క్రితం నేను పది నిమిషాలు మైమరచి విన్నది ఆ మూగ ట్వీటరుతోనే. ఇది బాగవుతుందా?

మరమ్మతు బల్ల, ఒంగోలు

విప్పకముందే ఒక పని చేయండి. పెట్టె మీద ట్వీటరు స్థాయి మార్చే మీట ఉంటే, ఆంప్లిఫయరు ఆపి, దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక ఇరవై సార్లు తిప్పండి. తేమకు లోపల చిలుము పట్టి తాకిడి తెగిపోవడం మన తీరంలో చాలా మామూలు. అప్పటికీ పలకకపోతే ట్వీటరు వైరు ఊడదీసి విడిగా కొలవండి. అది ఓంలు చూపితే తప్పు చాలావరకు కెపాసిటరుదో మీటదో అయి ఉంటుంది, చూపకపోతే ట్వీటరుదే. కెపాసిటరు మార్చవలసి వస్తే ధన, రుణ గుర్తులున్న మామూలు రకం వేయించకండి. గుర్తులు లేని రకమే, పాతదాని మీద రాసి ఉన్న విలువతోనే వేయించాలి. ఒక పక్క మారిస్తే రెండో పక్కా మార్చాలి.

పెన్నా తీరం, నెల్లూరు

మీట తిప్పాము. మొదట చిటపటమంది, తరువాత తాళాలు వచ్చాయి. అయితే మీటను తాకితే మళ్లీ పోతున్నాయి. ఆ లోపాన్నీ, ఉబ్బిన మూలనూ చూపించి 31,000కు మాట్లాడుకున్నాము. ఐదు వేలు బయానా ఇచ్చాను. మిగతాది ఫీజు కట్టాక, వచ్చే నెల మొదటి వారంలో ఇచ్చి తెచ్చుకుంటాము. మరమ్మతు బల్ల గారూ, ఆ మీటలు రెండూ విప్పి ఒంగోలు తీసుకువస్తాను. గ్రానైటు ముక్కల కొలతలు గూడూరు అమ్మగారు చెబితే మా ఆవిడ రాసుకుంటానంటోంది.