కాన్పు తర్వాత రక్తస్రావం: 500 మి.లీ. దాకా ఆగాలా?

ప్రశ్న (స్టాఫ్ నర్స్, పీహెచ్‌సీ): మా లేబర్ రూమ్‌కి తల్లి కింద పరిచే, కారిన రక్తం పట్టే సంచీ కొలత గీతలూ ఉన్న ప్లాస్టిక్ డ్రేప్‌లు వచ్చాయి. ఇక 300 మి.లీ. దగ్గరే వైద్యం మొదలుపెట్టాలంటున్నారు. మరి 500 లెక్క పోయినట్టేనా? డ్రేప్ ఎప్పుడు పరచాలి? రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ ఆసిడ్ ఎంతివ్వాలి?

జవాబు (లేబర్ రూమ్ మెంటర్): 500 పోలేదు సిస్టర్. 2025 అక్టోబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది ఇది: నార్మల్ కాన్పులో 300 దాటి, దానితోపాటు పల్స్ 100 మించినా, పై బీపీ 100 కన్నా తగ్గినా, లేదా కింది బీపీ 60 కన్నా తగ్గినా మొదలుపెట్టేయాలి. అవన్నీ బాగున్నా 500 చేరితే ఇక ఆగొద్దు.

డ్రేప్ బిడ్డ బయటికొచ్చి, ఉమ్మనీరు పోయాకే పరచండి. ముందే వేస్తే ఉమ్మనీరు, మూత్రం కూడా సంచిలో చేరి లెక్క తప్పుతుంది. గాజ్ ప్యాడ్లు, గుడ్డలు పీల్చిన రక్తం సంచిలోకి రాదు. వాటిని తూచి పొడి బరువు తీసేయండి, గ్రాముకి ఒక మి.లీ. లెక్క. గంటసేపు 15 నిమిషాలకోసారి సంచి, పల్స్, బీపీ, గర్భసంచి గట్టిదనం చూడాలి. కంటి అంచనాని నమ్మొద్దు, అది చాలాసార్లు తక్కువే చెబుతుంది. ఇలాంటి డ్రేప్‌ని మొదట్లో వాడి చూసింది మన పక్కనున్న కర్ణాటకలోని బెళగావిలోనే.

ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో జరిగిన ఈ-మోటివ్ ట్రయల్ (2023) ఫలితం చూడండి. డ్రేప్‌తో 93 శాతం రక్తస్రావం కేసులు దొరికాయి, మామూలు పద్ధతిలో 51 శాతమే. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. డ్రేప్ ఒక్కటే చేసిన పని కాదది. గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్ (గర్భసంచిని ముడుచుకునేలా చేసే మందు), ట్రానెక్సామిక్, సెలైన్, కాన్పు దారిలో చిరుగుల కోసం పరీక్ష, అన్నీ ఒకేసారి మొదలవ్వాలి. ఒకటి పనిచేయలేదని తేలాక రెండోది అంటూ కూర్చుంటే చేతిలో ఉన్న టైమంతా పోతుంది.

జవాబు (మత్తు డాక్టర్): ట్రానెక్సామిక్ 1 గ్రాము, అంటే 500 మి.గ్రా. ఆంపూల్స్ రెండు, నరంలోకి 10 నిమిషాల్లో నిదానంగా. గబగబా తోస్తే బీపీ పడిపోతుంది. కాన్పయిన 3 గంటల్లోపే ఇవ్వాలి, ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి లాభం సుమారు 10 శాతం తగ్గుతుంది. చిరుగు వల్ల కారుతున్నా ఇవ్వాల్సిందే. అరగంట తర్వాతా ఆగకపోతే, లేదా 24 గంటల్లోపు మళ్లీ మొదలైతే రెండో గ్రాము. ఒక్క మాట గట్టిగా చెబుతున్నా: ఈ ఆంపూల్‌ని వెన్నులో ఇచ్చే మత్తుమందు ట్రేలో పెట్టకండి. పొరపాటున వెన్నులోకి వెళ్లి తల్లులు చనిపోయారు.

ప్రశ్న: గర్భసంచి గట్టిగా ఉన్నా రక్తం కారుతుంటే మేడం?

జవాబు (మెంటర్): అప్పుడు చిరుగో, లోపల మాయ ముక్కో ఉందని అనుమానించండి. మంచి వెలుతురులో గర్భాశయ ముఖం చుట్టూ చూసి, మాయ పూర్తిగా వచ్చిందో మళ్లీ సరిచూడండి. మూత్రం తీయించడం మరవొద్దు, నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల్లోనే ఉందా అని ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రాసిపెట్టండి. వేడికి చెడిన మందు చూడ్డానికి తేడా తెలియదు, పని మాత్రం చేయదు.