వంటగట్టుకి కడప రాయి, బాత్రూమ్‌కి తాండూరు బండ: వాడినవాళ్లు చెప్పగలరా?

వికారాబాద్ దగ్గర మా ఊళ్లో చిన్న ఇల్లు కడుతున్నాం. మెరిసే టైల్స్ వద్దు, కంటికి హాయిగా రాయి, టేకు, సున్నం చాలనుకున్నాం. బాత్రూమ్ నేలకి పాలిష్ లేని తాండూరు నీలం బండ ఖాయం, తడి కాలు జారదని. వంటగట్టు దగ్గరే చిక్కంతా. కడప నల్లరాయి అంటే మేస్త్రి ఒప్పుకోవట్లేదు: "అది అరలకే సార్, గట్టుకి గ్రానైటే." ఆయన మాటా కొట్టిపారేయలేం. సున్నపురాయి కదా, పులుపు తగిలితే తినేస్తుంది. పాలిష్ ముక్క మీద నిమ్మచెక్క బోర్లించి చూశాను. పొద్దునకల్లా మెరుపు పోయి గుండ్రంగా అచ్చు పడింది. మా ఇంట్లో చింతపండు పులుసు లేని పూట ఉండదు మరి!

పాలిష్ మానేసి మ్యాట్‌గా ఉంచితే ఈ మచ్చలు కలిసిపోతాయా? సీలర్ పూస్తే నూనె మరకలు ఆగుతాయట, పులుపు కూడా ఆగుతుందా? తాండూరు బండ మీద యాసిడ్ పోయకూడదు, అంతవరకు తెలుసు. మరి బోరు నీళ్ల తెల్లచారలు దేంతో వదిలిస్తున్నారు? షవర్ గోడకి సున్నం ప్లాస్టర్ చేయించినవాళ్లుంటే, వానాకాలంలో బూజు సంగతి కూడా చెప్పండి. వచ్చేవారం రాయి ఆర్డర్ ఇవ్వాలి.