ఇంజనీర్స్ డే ప్రసంగం: దేశ ఆర్థికాభివృద్ధిలో ఇంజనీర్ల పాత్ర. పాయింట్లు చెప్పండి

డిప్లొమా_సివిల్
సెప్టెంబర్ 15న 5 నిమిషాలు మాట్లాడాలి. "ఇంజనీర్లే దేశానికి వెన్నెముక" అని నా ముందు మాట్లాడే నలుగురూ చెప్పేస్తారు. నాకు అంకెలతో చెప్పగలిగేవి కావాలి. సాగునీరు, కరెంటు, రోడ్లు, సాఫ్ట్‌వేర్, ఏదైనా సరే. విశ్వేశ్వరయ్యగారితో మొదలుపెడదామనుకుంటున్నా.

గోదారి_గట్టు
గోదావరి మీది ధవళేశ్వరంతో మొదలెట్టండి బాబూ. 1847లో పని మొదలు, 1852కి ఆనకట్ట పూర్తి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, పాయకో ముక్క. అసలు గొప్ప పొడవులో లేదండి, పునాదిలో ఉంది. అక్కడ నదిలో అంతా ఇసుకే. రాయి తగిలేదాకా తవ్వుకుంటూ పోతే డబ్బూ చాలదు, కాలమూ చాలదు. కావేరి మీది పాతకాలపు ఆనకట్ట కల్లణై చూసి, దీన్ని కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ పట్టుకున్న కిటుకు ఏంటంటే, ఇసుకలోనే బావులు దింపి, వాటిమీద గోడ లేపి, దిగువన వెడల్పుగా రాతి పరుపు వెయ్యడం. గోడ కింద నుంచి ఊరే నీరు ఎంత దూరం నడిస్తే దాని ఉరవడి అంత చస్తుంది, ఇసుకని లేపుకుపోలేదు. తర్వాత బ్లై అనే ఆయన దీన్నే "క్రీప్" లెక్కగా పుస్తకాల్లోకి ఎక్కించాడు. తక్కువ ఖర్చుతో కట్టబట్టే సర్కారు ఒప్పుకుంది, లేకపోతే డెల్టా లేదు. కాటన్ పక్కన, ఆయన కింద పనిచేసిన ఇంజనీరు వీణెం వీరన్నగారి పేరు కూడా చెప్పండి, ఎవరూ చెప్పరు.

మంజీర
సెప్టెంబర్ 15 ఒక్కటే యాదికుంటదా అందరికీ? తెలంగాణల ఇంజనీర్స్ డే జూలై 11, నిజాం కాలపు ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించిన్రు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆయన ఆలోచనే, కాదన్నోడు లేడు. కానీ మంజీర మీద నిజాంసాగర్ ఎవరిది? జంగ్‌దే. 1923ల మొదలు, 1931ల పూర్తి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నిలవడ్డది ఆ కాల్వ కింద పండిన చెరుకుతోనే. ఆర్థికాభివృద్ధి అంటే గది. కాల్వ, చెరుకు, ఫ్యాక్టరీ, కూలి, రైలు వ్యాగన్, వరుసగ చెప్పుకోవచ్చు.

గోదారి_గట్టు
మేం కాదన్నామా? అడిగినాయన సెప్టెంబర్ 15 అన్నాడు, అంతే.

మంజీర
అడిగినాయన అన్నడు, మీరు సై అన్నరు. ఇగ నిజాంసాగర్ సంగతి ఇంకోటి కూడా వినుర్రి. కట్టినప్పుడు 29.7 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), ఇప్పుడు 17.8. మిగిలింది మట్టి. దీని మీద ప్రసంగం ఎవ్వరూ ఇయ్యరు.

కోడ్_కూలీ
ఇంకా ఆనకట్టలేనా గురూ? ఇవాళ దేశానికి డాలర్లు తెస్తోంది ఎవరు? కోడ్ రాసేవాళ్లు. సివిల్ వాళ్లు ఖర్చు పెడతారు, మేం సంపాదిస్తాం. ఇదే పాయింట్, 5 నిమిషాలు అక్కర్లేదు, 5 సెకన్లు చాలు.

ఎం_బుక్
డాలర్లు తేవడమే కాదు, పోకుండా ఆపడం కూడా సంపాదనే. నాగార్జునసాగర్ చూడు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. కాంక్రీటులో కడితే సిమెంటు కావాలి, భారీ యంత్రాలు విదేశాల నుంచి రావాలి. రెండూ దొరకని రోజులు. అందుకే రాతి కట్టడం ఎంచుకున్నారు. నల్లరాయి పక్కనే ఉంది, వడ్డెర మేస్త్రీలు ఉన్నారు, కూలీలు ఉన్నారు. యంత్రాలకు పోవాల్సిన విదేశీ మారకం మిగిలింది, ఆ సొమ్ము కూలి రూపంలో ఊళ్లలో తిరిగింది. ఇది డిజైన్ టేబుల్ మీద తీసుకున్న ఆర్థిక నిర్ణయం.

రాతి డ్యామ్‌కి రోగం కూడా ఉంది, అదీ చెప్పాలి. రాళ్లను అతికే మోర్టార్‌లోని సున్నం నీళ్లతో కరిగి, డ్యామ్ లోపల నడిచే దారి అయిన గ్యాలరీలోకి వచ్చి, డ్రైనేజి రంధ్రాల్లో తెల్లగా గడ్డకడుతుంది. రంధ్రం మూసుకుంటే నీరు బయటికి రాదు, అడుగు నుంచి పైకి తోసే ఒత్తిడి పెరుగుతుంది. ఊట తగ్గిందని సంబరపడేవాడికి డ్యామ్ తెలియదు. ఎక్కడ ఎందుకు తగ్గిందో చూసి, రంధ్రాలు మళ్లీ డ్రిల్లుతో శుభ్రం చేయించాలి.

శివారు_రైతు
కట్టిన మహానుభావులకు దణ్ణం. చివరి భూమికి నీళ్లు ఎందుకు రావో ఒక్కరు చెప్పండి. ఆయకట్టు లెక్కలో మా పొలాలు ఉంటాయి, నీటి లెక్కలో ఉండవు.

ఎం_బుక్
చెప్తా. ఒక క్యూసెక్కు, అంటే సెకనుకు ఘనపుటడుగు నీరు, 24 గంటలు పారితే దాదాపు 2 ఎకరాల్లో అడుగు లోతు నీళ్లు. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజు. వరికి టీఎంసీకి 6 వేల ఎకరాలు, ఆరుతడి పంటలకు 10 వేలు అని మోటు లెక్క. కాగితం మీద అందరికీ సరిపోతుంది. ఇప్పుడు తూము దగ్గరికి రా. గొట్టం తూములోంచి పారే నీరు, పైనున్న నీటిమట్టానికి వర్గమూలంలో ఉంటుంది. మేజర్‌లో (పెద్ద పంపిణీ కాలువలో) నీరు తూము పైన అడుగు ఉండాల్సింది 3 అంగుళాలకు పడితే పారుదల సగానికి పడుతుంది. ఎగువన నలుగురు ఇసుక బస్తాలు అడ్డం వేసి మట్టం లేపుకుంటే దిగువన మట్టం పడిపోతుంది. చివరి మైనర్‌కి (పిల్లకాలువకి) సగం కాదు, సున్నా. ఎందుకంటే దానికి ముందున్న ప్రతి తూమూ తన వాటాకంటే ఎక్కువే లాగేసింది.

మందు కొత్తదేం కాదు. వారబందీ (వంతులవారీగా నీళ్లు) పెట్టి, చివరి నుంచి మొదటికి వంతు ఇవ్వాలి. ప్రతి మైనర్ తలలో పారే నీరు కొలిచే ఇరుకు తొట్టి, కొలత ఫ్లూమ్ ఉండాలి, దాని గేజి రాళ్ల మీద అంకెలు కనబడాలి. పెయింటు డబ్బా ఖర్చు.

గోదారి_గట్టు
డెల్టాలో మా గోల దీనికి తిరగేసిందండి. నీళ్లు రాక కాదు, పోక. కాలువలు తవ్వినంత శ్రద్ధ డ్రెయిన్ల మీద పెట్టలేదు. మిత్రా కమిటీ వేశారు, 1968లో డ్రైనేజి సెస్సు చట్టం తెచ్చారు, రైతులు కట్టారు కూడా. ఇవాళ డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క. కొల్లేటి నీళ్లని సముద్రంలోకి పంపే ఉప్పుటేరు నోరు మూసుకుంటే కొల్లేరు చుట్టూ చేలు కుళ్లిపోతాయి. ఇంజనీరు నీళ్లు తెచ్చాడని చెప్పేవాడు, పోయే దారి కూడా చూశాడో లేదో చెప్పాలి.

అనంత_హెచ్చెల్సీ
ఏందప్పా, ఎవరూ తుంగభద్ర డ్యామ్ మాట ఎత్తరే? 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. ఆ ఒక్క గేటు సందులోంచి పోయింది 35 వేల క్యూసెక్కుల నీళ్లు. పైన చెప్పిన లెక్కే వేసుకో, రోజుకు 3 టీఎంసీలు. వరి లెక్కన రోజుకు 18 వేల ఎకరాల నీళ్లు. ప్రసంగానికి ఇంతకు మించిన అంకె ఏముంది? రిటైరైన గేట్ల ఇంజనీరు కన్నయ్యనాయుడు గారు వచ్చి, జలాశయాన్ని గేటు అడుగుమట్టం దాకా ఖాళీ చేయకుండానే స్టాప్‌లాగ్ ముక్కలు (గేటు సందుకు అడ్డంగా ఒకదానిమీద ఒకటి దించే పలకలు) దించి మూసినారు. గొలుసుకు గ్రీజు రాసుంటే ఇంత రాద్ధాంతం ఉండేదా?

తూము_తాళం
గ్రీజు! ప్రతి గేటు చర్చలో ఈ గ్రీజు వస్తుంది. ఈ చర్చలో గేటు గురించి మాట్లాడే అర్హత నాకొక్కడికే ఉందని తెలుసు కాబట్టి చెప్తున్నా, వినండి. గ్రీజు పైపూత. గొలుసు తెగేది పైన కాదు, లింకుకూ పిన్నుకూ మధ్య, కంటికి కనబడని చోట. అక్కడ నీరు చేరి తుప్పు పడుతుంది, పిన్ను వ్యాసం తగ్గుతుంది, ఎత్తి దించిన ప్రతిసారీ ఆ సన్నబడ్డ చోటే అలసిపోతుంది. పాత గ్రీజు మీద కొత్త గ్రీజు రాస్తే తుప్పును దాచిపెట్టినట్టే. పాతది పూర్తిగా తీసి, పిన్ను విప్పి, వెర్నియర్‌తో కొలిచి, డ్రాయింగులోని వ్యాసంతో పోల్చాలి. చీలిక అనుమానం ఉంటే డై పెనెట్రెంట్ (చీలికలో దిగి దాన్ని రంగుతో చూపే ద్రవం) కొట్టాలి. లోపల చూడాలంటే అల్ట్రాసోనిక్.

అనంత_హెచ్చెల్సీ
మీ అర్హతకు ఫ్రేమ్ కట్టించుకోండి. గ్రీజు రాయడం కూడా దండగనేనా?

తూము_తాళం
నేను దండగ అనలేదు. గ్రీజు ఒక్కటే చాలదన్నా. చదివి మాట్లాడు.

ఇంకా ఉంది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గేటు. నిండుగా నీళ్లుంటే దాని మీద తోపు దాదాపు 340 టన్నులు. గేటు పక్కలనుండే రోలర్లు తిరుగుతుంటే ఎత్తడానికి అడ్డుపడేది కొద్ది టన్నులే. రోలరు తుప్పుపట్టి బిగుసుకుని జారుడు మొదలైతే, రాపిడి గుణకం 0.2 వేసుకున్నా, 68 టన్నులు గేటు బరువు మీద అదనం. ఆ భారం ఎవరి నెత్తిన? గొలుసు నెత్తిన. అంటే గొలుసు రోగం రోలర్‌లో పుట్టొచ్చు. తుంగభద్రలో ఏం జరిగిందో నేను చెప్పడం లేదు, నిలువు గేట్లు ఎక్కడైనా ఇలా పాడవుతాయని చెప్తున్నా.

మంజీర
అన్నా, కొట్లాడుకోకుర్రి. గొలుసు తెగితే పట్టుకునేటందుకు రెండో ఏర్పాటు ఎందుకు లేదు, స్టాప్‌లాగ్ గాడి ఎందుకు లేదు, అది అడుగుర్రి.

తూము_తాళం
అదీ అసలు ప్రశ్న. స్టాప్‌లాగ్ లేకపోతే గేటు రిపేరుకు జలాశయం దిగేదాకా కాచుకోవాలి. అక్కడ ముక్కలు 5, ఒక్కోటి 4 అడుగుల ఎత్తు. పారే నీళ్లలో దించడం ఎందుకు కష్టమో లెక్క చూడు. నీరు నిండుగా ఉంటే అన్నిటికంటే అడుగున పడే ముక్క మీద 122 టన్నులు, పై ముక్క మీద 14 టన్నులు కూడా ఉండదు. అందుకే మిగతా గేట్లు ఎత్తి మట్టం దించారు. లోతు సగానికి దిగితే మొత్తం తోపు సగం కాదు, పావు వంతు. 340 కాస్తా 85. ఆ తేడాలోనే పని జరిగింది.

కోడ్_కూలీ
ఆ వదిలిన నీళ్లు సముద్రంలో పోయినట్టు ఏడుస్తున్నారు. సుంకేసుల దాటి శ్రీశైలం చేరాయి కదా? నష్టం ఎక్కడ?

అనంత_హెచ్చెల్సీ
మ్యాపు చూసినావు, కాంటూరు చూడలేదు. హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) నీళ్లు వాలులో వస్తాయి, కరెంటు అక్కర్లేదు. శ్రీశైలం చేరిన నీటిని మళ్లీ మాకు తేవాలంటే హంద్రీ-నీవా పంపులతో ఎత్తాలి.

కేవీఏ_25
ఆ ఎత్తే ఖర్చు నేను చెప్తా. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల టన్నుల నీరు. 100 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 77 లక్షల యూనిట్లు. పంపు, మోటారు, పైపులో రాపిడి పోగా కోటి యూనిట్లు. ప్రతి 100 మీటర్లకూ ఇదే లెక్క. కొలుచుకో, కోడ్ రాయి.

కరెంటు వచ్చింది కాబట్టి ప్రసంగానికి ఇంకో పాయింటు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఊరి మొదట్లో పెట్టి, కిలోమీటర్ల కొద్దీ 415 వోల్టుల తీగ లాగితే చివరి మోటారుకు 300 కూడా అందదు. టార్క్ వోల్టేజీ వర్గంతో పడిపోతుంది, 300 దగ్గర సగమే. మోటారు మూలుగుతూ తిరిగి వైండింగ్ కాలుతుంది. హెచ్‌వీడీఎస్‌లో (హై వోల్టేజీ పంపిణీ పద్ధతిలో) 11 కేవీ లైనే పొలం దాకా తెచ్చి, ముగ్గురు నలుగురు రైతులకు 15 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెడతారు. అదే పవర్‌కు కరెంటు 26 రెట్లు తగ్గుతుంది, అదే తీగ అనుకుంటే వేడిగా పోయే నష్టం 700 రెట్లు తగ్గుతుంది. పైగా డబ్బా "మాది" అనుకుంటారు, దొంగ కరెంటుకు కొక్కెం వేసేవాణ్ణి వాళ్లే ఆపుతారు. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టండి. స్టార్టర్ తర్వాత, మోటారు వైపు. చాలామంది పీకేసి డైరెక్టు చేస్తారు, తర్వాత లో వోల్టేజీ అని లైన్‌మన్‌ను తిడతారు.

శివారు_రైతు
కెపాసిటర్ రైతు ఎందుకు పీకుతాడో కూడా చెప్పండి సారూ. పేలుతుంది కాబట్టి. నాసిరకం ఇచ్చి నీతులు.

కేవీఏ_25
అది నిజమే. 440 వోల్టుల రేటింగ్, లోపల డిశ్చార్జ్ రెసిస్టర్ ఉన్నదే కొనాలి. రెండూ రాసి లేకపోతే తీసుకోవద్దు.

ఎం_బుక్
మళ్లీ కాలువల దగ్గరికి. అంతా ఒక్క గేటు మీద పడ్డారు కానీ, ఏటా జరిగే దొంగ లెక్క ఎవరికీ పట్టదు. కాలువ పూడికతీత పని నీళ్లు వదిలే వారం ముందు మొదలవుతుంది. తీసే ముందు లెవెల్స్ (కాలువ అడుగుమట్టం కొలతలు) ఉండవు. నీళ్లు వదిలాక ఎంత తీశారని కొలిచేది ఎవరు? ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) ఎంత రాస్తే అంత. సరైన పద్ధతి చెప్తున్నా. కాలువ ఎండాక 25 మీటర్లకో అడ్డకోత లెవెల్స్, రైతుల సంఘం సంతకం, పని, మళ్లీ అవే పాయింట్ల దగ్గర లెవెల్స్, ఆ తర్వాతే నీళ్లు.

గండ్లు కూడా అంతే. కట్ట మధ్యలో కంటే తూము గొట్టం కట్టలో దూరిన చోటే ఎక్కువగా పడతాయి. మట్టి అణిచే రోలరు బండి గొట్టం పక్కకు రాదు. అక్కడ చేతి దిమ్మిసతో పలచని పొరలుగా, తడి చూసుకుంటూ కొట్టాలి. టిప్పరు మట్టి ఒకేసారి గుమ్మరిస్తే గొట్టం పొడవునా నీరు దారి చేసుకుంటుంది. రాత్రికి రాత్రి కట్ట లేచిపోతుంది.

గోదారి_గట్టు
ప్రకాశం బ్యారేజీ మర్చిపోయారండి. 2024 సెప్టెంబర్ మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు, పడవలు వచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లని (గేటు బరువుకు సరితూగే దిమ్మల్ని) గుద్దాయి. అక్కడికీ ఆ కన్నయ్యనాయుడుగారే.

మంజీర
ప్రతిదానికి ఒక్క పెద్దాయనే రావాల్సొస్తే, మిగతా గేట్లు సూసుకునే పిల్లలు ఎక్కడున్నరు?

తూము_తాళం
మెకానికల్ చదివినవాళ్లంతా కోడ్_కూలీ దగ్గరున్నారు.

కోడ్_కూలీ
నెలకు జీతం ఎంతిస్తారో చెప్పండి, రేపే వస్తా.

డిప్లొమా_సివిల్
అందరికీ థాంక్స్. గేటు లెక్కే తీసుకుంటా. కానీ ఆ 122 టన్నులు ఎలా వచ్చింది? స్టేజీ మీద ఎవరైనా అడిగితే?

తూము_తాళం
అడుగు ముక్క నీటిమట్టం నుంచి 16 అడుగుల దగ్గర మొదలై 20 దగ్గర ముగుస్తుంది. సగటు లోతు 18. దాన్ని ముక్క ఎత్తు 4తో, వెడల్పు 60తో, ఘనపుటడుగు నీటి బరువు 62.4 పౌన్లతో గుణించు. 2,69,568 పౌన్లు. 2,205తో భాగించు, టన్నులు. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పు, చప్పట్లు కొడతారు.

శివారు_రైతు
బొమ్మ గీసేటప్పుడు ఆ కాలువ చివర ఒక తూము కూడా గియ్యి నాయనా. దాని షట్టర్ తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో మీ సార్లను అడుగు.