లింక్డిన్ ప్రొఫైల్‌లో ఉద్యోగ విరామాన్ని ఎలా చూపాలి?

ప్రశ్న:
మా అత్తగారికి పక్షవాతం రావడంతో ఆవిడను చూసుకోవడానికి ఉద్యోగం మానేశాను. అంతకుముందు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసేదాన్ని. ఇప్పుడు ఆవిడ కోలుకున్నారు. నేను మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ప్రొఫైల్‌లో 2022 తర్వాత అంతా ఖాళీ. ‘ఫ్రీలాన్సర్ అని రాసేయి, ఎవరు అడగొచ్చారు’ అని ఒక స్నేహితురాలు, పాత ఉద్యోగం ముగిసిన తేదీని కాస్త తర్వాతిదిగా మార్చమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?

జవాబు:
రెండూ వద్దండి. ఉద్యోగం ఖాయమయ్యే ముందు చాలా కంపెనీలు పాత యజమానిని అడిగి తేదీలు సరిచూసుకుంటాయి. విరామం ఉందని వెనక్కి పంపనివాళ్లు కూడా తేదీ మార్చారని తెలిస్తే పంపేస్తారు. ఫ్రీలాన్సర్ అని రాస్తే ‘ఎవరికి చేశారు, ఏం చేశారు’ అన్నదే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న.

2022 మార్చిలో లింక్డిన్ ఇందుకోసమే ‘కెరీర్ బ్రేక్’ అనే అంశాన్ని తెచ్చింది. ప్రొఫైల్‌కు కొత్త విభాగం చేర్చే చోట ఉంటుంది. చేర్చాక అనుభవం కిందే, ఉద్యోగాల వరుసలోనే కనబడుతుంది. కారణాల జాబితాలో మీకు సరిపోయేది ‘కేర్‌గివింగ్’. పిల్లల పెంపకానికి వేరే పేరుంది, పొరపాటున అది ఎంచుకోకండి. సేవ్ చేసే ముందు, మార్పును పరిచయస్థులకు తెలియజేసే మీట ఆపి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే తెల్లారేసరికి పరామర్శలు మొదలవుతాయి.

వివరణలో రెండు వాక్యాలు చాలు: ‘కుటుంబ సభ్యుల సంరక్షణ కోసం విరామం తీసుకున్నాను. ఆ బాధ్యత తీరింది, పూర్తికాల ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నాను.’ జబ్బు పేరు రాయకండి. అది మీ అత్తగారి సొంత విషయం, చదివేవాళ్లకు దానితో పని లేదు.

మరొకరి జవాబు:
పైన చెప్పినదంతా నిజమే కానీ, విరామం గురించి ఇంత ఆలోచిస్తూ అసలు ఫలితమిచ్చే చోటును చాలామంది వదిలేస్తారు. నియామకాలు చూసేవాళ్లు పదాలతో వెతుకుతారు. పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది. అక్కడ ‘ఉద్యోగాన్వేషణలో ఉన్నాను’ అని రాస్తే ఆ మాటతో ఎవరూ వెతకరు. ‘సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఏపీఐ టెస్టింగ్, సెలీనియం’ లాగా మీకు నిజంగా వచ్చిన పనులు, టెస్టింగ్ సాధనాల పేర్లు రాయండి. మీ గురించి రాసుకునే ‘అబౌట్’ విభాగంలో 2,600 అక్షరాలు పడతాయి కానీ మొదటి రెండు మూడు వరుసలే తెరవకుండా కనిపిస్తాయి. వాటిని విరామానికి ఖర్చుపెట్టకండి.

ఇంకొకటి. ఇంటి పనిని ‘హోమ్ మేనేజర్, బడ్జెట్ నిర్వహణ, బహుముఖ కార్యదక్షత’ అంటూ పదవిగా మార్చకండి. అది చిన్న పని అని కాదు, మీరు అడుగుతున్న ఉద్యోగానికి రుజువు కాదని.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడిందండి. ఒక ఆటోమేషన్ కోర్సు సగంలో ఉంది, పెట్టవచ్చా? ఫోటో చుట్టూ ఆకుపచ్చ వలయం సంగతేమిటి?

జవాబు:
పూర్తికాని కోర్సును సర్టిఫికెట్ల దగ్గర పెట్టకండి. విరామం వివరణలో ‘ప్రస్తుతం నేర్చుకుంటున్నాను’ అని ఒక ముక్క చాలు. దానికన్నా, నేర్చుకున్నంతతో ఒక చిన్న వెబ్‌సైట్‌కు టెస్టులు రాసి, కోడ్ నలుగురికీ చూపే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, ఆ లింకు ఇవ్వండి. మీ చేయి ఆడుతోందా లేదా అన్న అనుమానానికి అదే సమాధానం.

ఆ వలయం, ఉద్యోగం వెతుకుతున్నారని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ది. అందులో రెండు పద్ధతులున్నాయి: రిక్రూటర్లకు (నియామకాలు చూసేవాళ్లకు) మాత్రమే, లేదా అందరికీ. వలయం రెండోదానికే వస్తుంది. ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్లు దాచుకోవాలి గానీ, మీకు ఆ ఇబ్బంది లేదు. పాత సహోద్యోగుల కంట పడుతుంది కాబట్టి నేనైతే అందరికీ కనిపించేలా పెడతాను. పెట్టాక ఊరుకోకుండా, మీ పని తెలిసిన పాత టీమ్ లీడ్‌కు నేరుగా సందేశం పంపి, నాలుగు మాటల సిఫార్సు రాయమని అడగండి.