ఓర్లాండోలో టైమ్‌షేర్ బస: పార్కులకు రాకపోకలకు షటిల్ సరిపోతుందా, కారు తీసుకోవాలా?

గౌతమీతీరం (న్యూజెర్సీ):

సభ్యులందరికీ నమస్కారం. జూన్ చివరి వారంలో మా కుటుంబం ఓర్లాండో వెళ్తోంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు, మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మొత్తం ఆరుగురం. మా టైమ్‌షేర్ వారాన్ని (ఏటా ఒక వారం బసకు కొనుక్కున్న హక్కు) ఆర్‌సీఐ అనే మార్పిడి సంస్థ ద్వారా మార్చుకుంటే కిసిమ్మీలో 192వ నంబరు రహదారి మీద, ఐ-4 అనే పెద్ద రహదారికి పడమటి వైపున రెండు పడకగదుల బస దొరికింది. వంటగది ఉంది కాబట్టి పెద్దవాళ్ల భోజనం గురించి నాకు దిగులు లేదు. దిగులంతా రాకపోకల గురించే.

రిసార్టు వాళ్లకు ఫోన్ చేస్తే డిస్నీకీ యూనివర్సల్‌కూ ఉచిత షటిల్ ఉందని, అయితే ముందురోజే పేర్లు రాయించుకోవాలని, ఉదయం రెండు ట్రిప్పులు, రాత్రి తిరుగు ప్రయాణానికి ఒకటి ఉంటాయని చెప్పారు. మేము డిస్నీ పార్కులైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు రెండు రోజులు, ఎప్‌కాట్‌కు, యానిమల్ కింగ్‌డమ్‌కు ఒక్కొక్క రోజు, యూనివర్సల్‌కు ఒక రోజు అనుకుంటున్నాము. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. మా వారు ఒక్కరే కారు నడుపుతారు. రోజంతా పార్కులో తిరిగి అలసిపోయి, తెలియని ఊళ్లో రాత్రివేళ ఐ-4 లాంటి రహదారి మీద ఆయన చేత బండి నడిపించడం నాకు ఇష్టం లేదు. వారమంతా కారు అద్దెకు తీసుకోవడం మంచిదా, షటిల్‌తో, ఊబర్‌తో గడపవచ్చా, లేక కొన్ని రోజులకే కారు తీసుకోవచ్చా? పెద్దవాళ్లతో వెళ్లి వచ్చిన వారు దయచేసి వివరంగా చెప్పండి.

టాంపా_తెలుగు:

గౌతమీతీరం గారూ, మీ పరిస్థితిలో వారమంతా కారు ఉండడమే మంచిదని నా అభిప్రాయం. మేము టాంపాలో ఉంటాము. ఇండియా నుంచి ఎవరు వచ్చినా ఓర్లాండో తీసుకువెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ కాబట్టి షటిల్ బతుకు, కారు బతుకు రెండూ చూశాము.

టైమ్‌షేర్ షటిల్‌లో పార్కుకు వెళ్లడం కష్టం కాదు, తిరిగి రావడమే కష్టం. ఉదయం అందరూ ఉత్సాహంగా ఉంటారు, బండి పావుగంట ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు. మధ్యాహ్నం రెండింటికి మోకాళ్లు పట్టేసిన పెద్దావిడకు, నిద్రకు ఏడుస్తున్న పాపకు రాత్రి బండి దాకా ఆగమని చెప్పలేము. పైగా ఒకే బండి చాలా చోట్ల మూడు నాలుగు రిసార్టులు తిరుగుతుంది. బాణసంచా చూడాలని ఆగితే అది వెళ్లిపోవచ్చు. యానిమల్ కింగ్‌డమ్ తక్కిన పార్కుల కంటే ముందే మూసేస్తారు కాబట్టి ఆ రోజు అదే రాత్రి బండి కోసం గేటు బయట పడిగాపులు పడవలసి వస్తుంది. ఇంకొక మాట: ఆ వైపు టైమ్‌షేర్లు కొన్ని చిన్న ఊళ్లంత ఉంటాయి. షటిల్ క్లబ్‌హౌస్ దగ్గర ఆగితే, మీ గది నుంచి అక్కడికి నడకే అత్తగారికి మొదటి పరీక్ష అవుతుంది. ఇల్లు కేటాయించే ముందే ఫోన్ చేసి, క్లబ్‌హౌస్‌కు దగ్గరగా, కింది అంతస్తులో ఇమ్మని అడగండి.

ఇక ఐ-4 గురించి. మీరు ఉండేది 192 మీద, ఐ-4కు పడమటి వైపు కాబట్టి డిస్నీ పార్కుల్లో దేనికీ ఐ-4 ఎక్కనక్కరలేదు. 192 మీద నుంచి వరల్డ్ డ్రైవ్ ఎక్కితే ఆ రోడ్డు ఉత్తరంగా సాగి మిమ్మల్ని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కింగ్ దాకా తీసుకువెళ్తుంది. ఎప్‌కాట్‌కు మలుపు కూడా ఆ దారిలోనే వస్తుంది. యానిమల్ కింగ్‌డమ్‌కు షెర్బర్త్ రోడ్డు మీదుగా వెళ్లవచ్చు. ఫోన్‌లోని మ్యాపు ఒక్కోసారి ఐ-4 వైపు లాగుతుంది, దాని మాట వినకుండా ఈ దారులు ముందే చూసి పెట్టుకోమని మీ వారికి చెప్పండి. ఐ-4 గొడవ యూనివర్సల్ వెళ్లే రోజు ఒక్కటే.

మ్యాజిక్ కింగ్‌డమ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్లతో వెళ్లేవారు చాలామంది ఇక్కడే అలసిపోతారు. మీరు కారు పెట్టేది పార్కు దగ్గర కాదు, సెవెన్ సీస్ లగూన్ అనే చెరువుకు ఇవతలి ఒడ్డున ఉన్న టీటీసీ అనే రవాణా కేంద్రం దగ్గర. అక్కడ తనిఖీ ముగించుకుని మోనోరైలు గానీ ఫెర్రీ పడవ గానీ ఎక్కి అవతలికి వెళ్లాలి. ఊబర్ దించేదీ, బయటి షటిళ్లు ఆగేదీ అక్కడే. మోనోరైలుకు ఎక్కే వాలు బాగా నిటారుగా ఉంటుంది. చక్రాల కుర్చీ తోసేవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి పడవే సుఖం. కింది అంతస్తు చదునుగా ఉంటుంది, కుర్చీతో నేరుగా లోపలికి వెళ్లిపోవచ్చు, పిల్లల బండి మడవనక్కరలేదు. డిస్నీ బస్సుల్లో మాత్రం పిల్లల బండిని మడిచి తీరాలి. రాత్రి బాణసంచా అయ్యాక జనమంతా ఒకేసారి ఈ రెండింటి మీదా పడతారు. అప్పుడు పార్కు గేటు నుంచి కారు దాకా రావడానికి గంట పట్టినా ఆశ్చర్యపోవద్దు. కారు పెట్టగానే వరుస పేరు, సంఖ్య ఫోటో తీసుకోండి. ఆ వరుసలకు డిస్నీ కథల్లోని నాయకుల, దుష్టుల పేర్లు పెట్టారు. రాత్రి పది దాటాక ఆ పేర్లన్నీ ఒకటిగానే అనిపిస్తాయి.

పార్కులో అద్దెకిచ్చే చక్రాల కుర్చీని గేటు దాటించనివ్వరు. పార్కింగ్ నుంచి గేటు దాకా ఉన్న దూరమే అత్తగారికి కష్టం కాబట్టి, బయటి దుకాణం నుంచి మడిచే కుర్చీ ఒకటి వారానికి అద్దెకు తీసుకుని వ్యాన్ వెనక పెట్టుకోండి. నడవగలను, నాకెందుకు అని ఆవిడ అంటారు. అయినా తీసుకువెళ్లండి, రెండో రోజు నుంచి ఆవిడే కూర్చుంటారు.

డిస్నీ పార్కింగ్ రుసుము రోజుకు 30 డాలర్లకు తక్కువ ఉండదు. డిస్నీ హోటళ్లలో ఉండేవారికి అది ఉచితం, మనలాగా బయట ఉండేవారికి కాదు. అయితే ఒక పార్కులో కట్టిన రుసుము ఆ రోజంతా మిగతా డిస్నీ పార్కులకూ చెల్లుతుంది. డిస్నీ స్ప్రింగ్స్ బజారులో పార్కింగ్‌కు డబ్బు తీసుకోరు.

పాలపిట్ట (డాలస్):

పై సభ్యులు చెప్పినదానితో ఏకీభవిస్తూ, విమానాశ్రయం నుంచి మొదలయ్యే కొన్ని సంగతులు చెబుతాను.

ఓర్లాండో విమానాశ్రయం నుంచి మీ వైపు రావడానికి 417 అనే టోల్ రోడ్డు అనుకూలం. అద్దె కారుతో టోల్ దాటితే కారు కంపెనీలు టోల్‌తో పాటు తమ సేవా రుసుము కూడా వేస్తాయి, కొన్ని దానిని రోజుల లెక్కన వేస్తాయి. అది తప్పించుకోవడానికి అక్కడి ఎక్స్‌ప్రెస్‌వే సంస్థ విజిటర్ టోల్ పాస్ అనే ఉచిత ట్యాగు ఇస్తుంది. బయలుదేరే ముందే ఫోన్‌లో నమోదు చేసుకుని, విమానాశ్రయంలో దిగాక తీసుకుని, కారు అద్దానికి తగిలించాలి. తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలోనే పెట్టెలో వేసేయాలి. టోల్ ఎంతో అంతే పడుతుంది.

ఆరుగురు, రెండు మూడు పెట్టెలు, పిల్లల బండి, చక్రాల కుర్చీ అంటే మినీవ్యాన్ తప్ప మరొకటి సరిపోదు. జూన్‌లో వాటికి గిరాకీ ఎక్కువ కాబట్టి ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఫ్లోరిడా చట్టం ప్రకారం అయిదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలను తగిన సీటులోనే కూర్చోబెట్టాలి. మీ పాప సీటును ఇంటి నుంచే తెచ్చుకోండి. విమానంలో దానికి సాధారణంగా అదనపు రుసుము ఉండదు, కారు కంపెనీ సీటుకు మాత్రం రోజువారీ అద్దె పడుతుంది. ఊబర్ మీద ఆధారపడితే రోజూ ఆరుగురు పట్టే బండి పిలవాలి, పైగా ఆ సీటును పార్కులో రోజంతా మోయాలి. ఆ ఒక్క కారణం చాలు కారు తీసుకోవడానికి.

టైమ్‌షేర్‌లో దిగిన రోజున ఒక జాగ్రత్త అవసరం. గది తాళం ఒక బల్ల దగ్గర ఇచ్చి, కారు పార్కింగ్ పాస్ మరో బల్ల దగ్గర తీసుకోమంటారు. ఆ రెండో బల్ల అమ్మకాల వాళ్లది. పార్కు టికెట్లపై తగ్గింపు ఇస్తామని, ఒక ఉదయం వచ్చి కొత్త టైమ్‌షేర్ అమ్మే ప్రసంగం వినమని అడుగుతారు. గంటన్నర అన్నది సగం రోజు అవుతుంది. పాస్ మాత్రం ఇవ్వండి చాలు అని మర్యాదగా చెప్పి వచ్చేయండి. మొహమాటానికి పోయి సంతకం చేసేవారు కూడా ఉంటారు కాబట్టి చెబుతున్నాను: ఫ్లోరిడాలో టైమ్‌షేర్ ఒప్పందాన్ని 10 రోజుల లోపు రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు చట్టంలోనే ఉంది.

కృష్ణాతరంగం (షికాగో):

నాది కొంచెం వేరే అనుభవం. మేము బానెట్ క్రీక్‌లోని టైమ్‌షేర్‌లో దిగి కారు లేకుండానే గడిపాము. ఆ ప్రాంతం చుట్టూ డిస్నీ భూములే కాబట్టి ఊబర్‌కు దూరం తక్కువ, ఖర్చూ తక్కువ. మేము ఇద్దరు పెద్దలం, ఎదిగిన పిల్లలు. పార్కింగ్ రుసుము లేదు, రాత్రిపూట కారు వెతుక్కోవడం లేదు. 192 వైపు నుంచి కూడా చిన్న కుటుంబమైతే ఇదే చేయవచ్చునని అనుకుంటాను. మీకు మాత్రం పైవారు చెప్పిందే సరి.

అయితే కారు ఉన్నా లేకపోయినా పనికివచ్చే సంగతులు రెండు ఉన్నాయి. డిస్నీ ఆవరణలో తిరిగే బస్సులు, మోనోరైలు, స్కైలైనర్ తీగబండ్లు అన్నీ ఉచితం.  2019లో మొదలైన స్కైలైనర్ ఎప్‌కాట్ వెనక గేటును హాలీవుడ్ స్టూడియోస్ అనే మరో డిస్నీ పార్కుతో కలుపుతుంది. కూర్చుని, గాలి తగులుతూ, పైనుంచి అంతా చూస్తూ వెళ్లడం మీ మామగారికి ఏ రైడ్ కంటే కూడా ఎక్కువ నచ్చవచ్చు. జూన్‌లో మధ్యాహ్నాలు ఉరుములతో వాన రావడం అక్కడ మామూలు. పిడుగులు పడే సూచన ఉంటే దాన్ని ఆపేస్తారు, అప్పుడు బస్సు వెతుక్కోవాలి.

రెండోది, మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి రాత్రి ఊబర్ పిలిచేవారు టీటీసీకి వెళ్లకుండా, పార్కు గేటు నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉన్న కాంటెంపరరీ హోటల్‌కు వెళ్లి అక్కడి నుంచి పిలవడం మేలు. పడవ, మోనోరైలు వరుసలు రెండూ తప్పుతాయి.

గౌతమీతీరం (న్యూజెర్సీ):

అందరికీ ధన్యవాదాలు. వరల్డ్ డ్రైవ్ సంగతి చదివాక మా వారు కూడా కుదుటపడ్డారు. వ్యాన్ ఖాయం చేస్తున్నాము. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. పెద్దవాళ్లను మధ్యాహ్నం ఇంటికి చేర్చి, మేము పిల్లలతో సాయంత్రం దాకా ఉండాలంటే ఎలా? యూనివర్సల్ రోజు ఐ-4 లేకుండా వెళ్లే దారి ఉందా?

టాంపా_తెలుగు:

మొదటిదానికి నా సలహా: ఆ పని ఎప్‌కాట్ రోజున పెట్టుకోండి, మ్యాజిక్ కింగ్‌డమ్ రోజున వద్దు. ఎప్‌కాట్‌లో కారు గేటు ముందరే ఉంటుంది, మధ్యలో చెరువు దాటడం లేదు. మీ వారు పెద్దవాళ్లను తీసుకువెళ్లి ఇంటి దగ్గర దింపి, ఒక కాఫీ తాగి తిరిగి వచ్చేయవచ్చు. పార్కింగ్ రుసుము మళ్లీ కట్టనక్కరలేదు, అదే టికెట్టుతో అదే పార్కులోకి మళ్లీ రానిస్తారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇదే పని చేస్తే రానూపోనూ పడవలకే చాలా సమయం పోతుంది. అందుకని ఆ రెండు రోజుల్లో ఒక రోజు పెద్దవాళ్లతో పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికల్లా అందరూ కలిసి వచ్చేయండి. రెండో రోజు వాళ్లను ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకోనిచ్చి, బాణసంచా దాకా మీరు నలుగురూ ఉండండి. వాళ్ల చేత ఒంటరిగా ఊబర్ ఎక్కించాలని మాత్రం అనుకోవద్దు. ఏ బండి ఎక్కడ ఆగుతుందో మనకే తెలియక తిరుగుతాము, వాళ్ల ఫోన్‌లో ఇక్కడి నంబరు కూడా ఉండకపోవచ్చు.

పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్లాలనుకుంటే డిస్నీలో అభ్యంతరం లేదు, గాజు డబ్బాలు మాత్రం పనికిరావు. యూనివర్సల్‌లో బయటి ఆహారంపై నియమాలు కఠినం, అక్కడికి భోజనం తీసుకువెళ్లకండి. మొదటి రోజు విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడే ఆరెంజ్ బ్లాసమ్ ట్రెయిల్ మీద ఉన్న భారతీయ కిరాణా దుకాణాల్లో పెరుగు, కూరగాయలు తీసుకుంటే ఆ పనికి మళ్లీ బయలుదేరనక్కరలేదు.

యూనివర్సల్‌కు ఐ-4ను చాలావరకు తప్పించే దారి ఉంది. లేక్ బ్యూనా విస్టా దగ్గర పామ్ పార్క్‌వే ఎక్కితే అది టర్కీ లేక్ రోడ్డులో కలుస్తుంది, ఆ రోడ్డు ఐ-4కు సమాంతరంగా యూనివర్సల్ పక్కకు చేరుతుంది. సిగ్నళ్లు ఎక్కువ, కానీ నిదానంగా నడపవచ్చు. పొద్దున ఎనిమిది లోపు బయలుదేరండి, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ దాటాకే తిరిగి రండి. టికెట్లు కొనే ముందు ఏ పార్కుకో సరిచూసుకోవడం చాలా ముఖ్యం. యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పక్కపక్కనే ఉండి ఒకే పార్కింగ్ భవనాలు వాడుకుంటాయి. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ మాత్రం అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో, వేరే పార్కింగ్‌తో ఉంది. మ్యాపులో ఉత్త యూనివర్సల్ అని కొడితే రెండింటిలో దేనికైనా తీసుకువెళ్లవచ్చు. పార్కు పూర్తి పేరు రాసి, దాని పార్కింగ్ ద్వారాన్ని గమ్యంగా పెట్టుకోమని మీ వారికి చెప్పండి.